ఇంట కట్టిన రెక్కలు, కొన్న రెక్కలు

రెండు సంవత్సరముల క్రిందట, రంజాను మాసమునకు ముందు ఒక రాత్రి, అమెరికాలోని విచిటా నగరము నుండి మా తమ్ముడు ఫోను చేసెను. కుశల ప్రశ్నలు ముగిసిన పిమ్మట, "భాయిజాన్, ఒక చిన్న విమానం కొందామనుకుంటున్నాను" అనెను. మేము తెలుగు పాఠములు చెప్పుకొని బ్రదుకువారము. మాకు బాగుగా పరిచయమున్న విమానము పుష్పక మొక్కటే. ఒక మోటారు సైకిలు కొనుటకు రెండేండ్లు ఆలోచించిన ఇంట పుట్టినవార మగుటచే ఆ మాట మాకు మొదట పరిహాసముగా తోచినది. అతడు పరిహాసమాడుట లేదు. విమానము నడుపు అనుమతి పత్రము అప్పటికే సంపాదించెనట. "కొననా, కట్టుకోనా? అబ్బాజాన్‌ని అడిగి చెప్పు" అనెను.

కట్టుకొనుట యనగా నేమో మాకు అర్థము కాలేదు. అటుపిమ్మట పలుమార్లు మాటలాడి, కొంత చదివి తెలిసికొన్నదిది.

విచిటా చిన్న విమానములకు పుట్టినిల్లు. సెస్నా సంస్థ 1927లో అచ్చటనే వెలసినది. దాని 172 అను నాలుగు ఆసనముల విమానము 1956లో విపణికి వచ్చి, నేటికి 44,000కు పైగా నిర్మింపబడినది. ఇట్టి విమానము యొక్క నమూనాను ప్రభుత్వ విమానయాన శాఖ పరీక్షించి ధ్రువపత్ర మిచ్చును. ఆపై కర్మాగారమున తయారగు ప్రతి విమానమును ఆ నమూనాకు అచ్చు గ్రుద్దినట్లుండవలెను. యజమాని తన ఇష్టము వచ్చిన పరికరమును తెచ్చి బిగించుకొనుటకు వీలు లేదు. ఏటేటా అధికారమున్న మెకానిక్కు దానిని విప్పి చూచి సంతకము చేయవలెను.

రెండవది ఇంట కట్టుకొను విమానము. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ అను నాతడు ఇట్టి ఔత్సాహికుల నొక సంఘముగా కూర్చెను. 1970 నుండి ఓష్‌కోష్ పట్టణమున జరుగు వారి వార్షిక సమ్మేళనము ఒక పెద్ద తిరునాళ్ళ వంటిది. పనిలో సగమునకు మించిన భాగమును తమ చదువు కొరకో వినోదము కొరకో ఔత్సాహికులే చేసియుండవలెనని నిబంధన. అట్లు చేసినవాడు ఏటేటి తనిఖీని తానే చేసికొను పత్రమును పొందవచ్చును. అయితే ఆ విమానముతో అద్దె వ్యాపారము చేయరాదు. ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానములకు విధించిన భద్రతా నియమములకు లోబడినది కాదు అని లోపల ప్రయాణికునికి కనబడునట్లు వ్రాసి అంటించవలెను. తన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ పలక నెదుట పెట్టుకొనుట యెట్టిదో మేము చాలసేపు ఆలోచించితిమి.

ధరల మాట వచ్చినప్పుడు తమ్ముని పక్షము బలముగానే యుండెను. కొత్త సెస్నా 172 వెల నాలుగు లక్షల డాలర్లు దాటినది. పాతవి లక్షకు అటునిటుగా దొరకును గాని అవి నిజముగా పాతవే. ప్రమాదములు జరిగినప్పుడు తయారీదారులపై వచ్చిపడిన వ్యాజ్యముల భారముచే 1986లో ఆ సంస్థ ఇట్టి చిన్న విమానముల తయారీనే మానుకొన్నది. 18 సంవత్సరములు దాటిన విమానములపై తయారీదారునికి బాధ్యత లేదని 1994లో చట్టము వచ్చిన తరువాత గాని తిరిగి మొదలుపెట్టలేదు. నడుమ పదేండ్లు ఖాళీ. కనుక అక్కడి విమానాశ్రయములలో మా వయస్సుకన్న పెద్దవైన సెస్నాలే అధికము.

ఇక రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అను ఇంజనీరు ఆరెగాన్ రాష్ట్రమున 1970ల ఆరంభమున మొదలుపెట్టిన సంస్థ అమ్ము విడిభాగములతో కట్టిన విమానములు 11,000కు పైగా ఎగిరినవి. ఇంచుమించు సమానమైన ఇంజనుతో సెస్నా గంటకు 140 మైళ్లు పోవుచుండ, ఆ సంస్థవారి రెండాసనముల విమానము 190 మైళ్లు పోగలదు. కాని దానిని కట్టుటకు వేయిన్నర గంటలో, రెండు వేల గంటలో పట్టును. ఆదివారములు మాత్రమే చేతనున్న ఉద్యోగికి అది ఎన్ని సంవత్సరములో పాఠకులే లెక్క కట్టవచ్చును. మన దేశములోను ముంబయిలో అమోల్ యాదవ్ అను పైలట్ తన ఇంటి డాబాపైన విమానము కట్టి, 2017లో దానికి ప్రభుత్వ నమోదు సంపాదించెను.

ఈ రెండు దారుల నడుమ మూడవ దారి యొకటి తమ్మునికి కనబడినది. ఎవరో కట్టి, కొన్నాళ్లు ఎగిరి, అమ్మజూపుచున్న విమానము. వెల తక్కువ, వేగ మెక్కువ, శ్రమ లేదు. అతడు దానివైపే మొగ్గుచుండెను. మాకు భయము కలిగినది అప్పుడే.

ప్రఖ్యాత గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరమున సముద్రములో కూలి మరణించెను. అతడు నడిపినది బర్ట్ రుటాన్ రూపకల్పన చేసిన లాంగ్ ఈజీ అను విమానము. ఇతరుడొకడు ఇంట కట్టినది. డెన్వర్ దానిని కొత్తగా కొనెను. ఇంధనమును ఒక ట్యాంకు నుండి వేరొక ట్యాంకునకు మార్చు మీటను, నమూనాలో చూపిన చోట గాక, పైలట్ ఎడమ భుజము వెనుక అమర్చిరి. దాని నందుకొనుటకు ప్రయత్నించుచు అతడు విమానమును అదుపు తప్పనిచ్చెనని విచారణలో తేలినది. కట్టినవాని చేతికి ఆ మీట అలవాటై యుండవచ్చును. కొన్నవాడు వెదకుకొనవలసి వచ్చెను. 2011లో అమెరికాలోని చిన్న విమానములలో ఇంట కట్టినవి సుమారు నూటికి 10 మాత్రమే కాగా, ప్రాణనష్టము జరిగిన ప్రమాదములలో వాటి పాలు 21 అని అక్కడి భద్రతా మండలి లెక్క కట్టినది.

ఇవన్నియు మేము అబ్బాజాన్‌కు విన్నవించితిమి. ఆయన తెనాలిలో నలుబది ఏండ్లు ఆయిలు ఇంజన్లు బాగుచేసిన మనిషి. వినుచు వినుచు, "మీ సైకిలు గుర్తుందా?" అనిరి.

ఎట్లు మరతుము! మా చిన్నతనమున ఆయన పాత సామానులన్నియు ఏరి మాకొక సైకిలు కట్టి ఇచ్చిరి. మేము తొక్కుచుండగా, తమ్ముడు వెనుక కూర్చుండగా, కాలువ గట్టుపై పెడలు కర్ర ఊడిపోయి ఇరువురమును రాళ్లపై పడితిమి. తమ్ముని గడ్డము క్రింద ఆ మచ్చ ఇప్పటికి నున్నది. అమ్మీ ఏడ్చినది. అబ్బాజాన్ ఒక్క మాటయు అనక, మరునాడు సైకిలునంతయు విప్పి, అరిగిపోయిన చీల యొకటి మా అరచేతిలో పెట్టి, "ఇది నేను చూడలేదు" అనిరి. అటుపిమ్మట తాను బాగుచేసిన ప్రతి ఇంజనును, ప్రక్క దుకాణపు మేస్త్రి వచ్చి చూచిన గాని, బయటికి పంపువారు కారు. గిరాకీలు నవ్వెడివారు.

ఆ రాత్రి మగ్రిబ్ నమాజు తరువాత ఫోనులో తమ్మునితో ఆయన అడిగినది ఒక్కటే: "ఒరే, కట్టినోడు వేరే అయితే వాడి తప్పు నీకెట్లా తెలుస్తది? నువ్వే కడితే నీ తప్పు ఎవరు చూస్తారు?"

మొదటి ప్రశ్నకు తమ్ముడు బదులు చెప్పలేకపోయెను. రెండవ దానికి జవాబున్నది. ఓష్‌కోష్ సంఘమువారి అనుభవజ్ఞులు, పైకము పుచ్చుకొనక, ఇంటికి వచ్చి పని మధ్యలో తనిఖీ చేసి పోవుదురట. ఆ మాట విని అబ్బాజాన్ కొంత నెమ్మదించిరి. అమ్మీ మాత్రము నెమ్మదించలేదు. "కోడలూ మనవరాలూ ఎక్కడ కూర్చుంటారు?" అని ఆమె అడుగువరకు రెండాసనముల మాట మాకెవరికిని తట్టకపోవుట చిత్రము.

తమ్ముడు ఆ అమ్మకపు విమానమును వదలుకొనెను. కుటుంబముతో పోవలసినప్పుడు క్లబ్బువారి పాత సెస్నాను గంటలకు అద్దెకు తీసికొనుచున్నాడు. కారు షెడ్డులో మాత్రము తోక భాగము విడిగా తెప్పించుకొని, కూతురు పనిముట్లందించగా ఆదివారములు రివెట్లు కొట్టుచున్నాడు. అది విమానమగునో, తోకగానే నిలిచిపోవునో చెప్పలేము. మొన్న దాని ఫోటో పంపెను. అబ్బాజాన్ కళ్లద్దములు తుడుచుకొని, ఫోనును వెలుతురుకు పట్టి, వరుస వెంట వేలు పోనిచ్చి, "ఎడమ నుంచి పదకొండోది వంకరగా ఉంది, తీసి మళ్లీ కొట్టమను" అనిరి.

మేము ఆ మాట చేరవేసితిమి. "నిన్ననే తీసేశాను భాయిజాన్, అది పాత ఫోటో" అని జవాబు వచ్చినది.