పది బై పది గదికి స్పీకర్లు

చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి పహాడీ షరీఫ్ వైపు వెళ్లే దారిలో పక్కకు తిరిగితే జల్‌పల్లి. 2016లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరికి చెరువుంది, దగ్గర్లో గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది. వ్యాపారస్తులకు మాత్రం జల్‌పల్లి అంటే తుక్కు గోదాములే. ప్లాస్టిక్కు, ఇనుము, అట్టపెట్టెలు, కాలం చెల్లిన టీవీలు రేకుల షెడ్ల ముందు కుప్పలుగా పడి ఉంటాయి. మేం వెళ్లింది పాత స్పీకర్ల కోసం.

రిటైరయ్యాక మా బావగారు ఇంట్లో ఒక గది పాటలకని తీసి పెట్టుకున్నారు. పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తూ పదే. వినేది కర్ణాటక సంగీతం, అందులోనూ పాతది: ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆకాశవాణి కచేరీలు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తవి కూడా చూశాం. మేం అడుగుపెట్టిన కొట్లలో ముందు సినిమా పాట పెట్టి బాస్ పెంచారు. గాత్ర కచేరీ వినేవాడికి అంతకంటే పనికిరాని పరీక్ష ఉండదు.

జల్‌పల్లిలో మేం వెతుక్కుంటూ వెళ్లిన షెడ్డులో స్పీకర్లకు కోన్లు, కాయిళ్లు మార్చే ఒక ఉస్తాద్ ఉన్నాడు. ముంగిట్లో బరాత్‌లకు పోయే డీజే డబ్బాలు, లోపల అరల్లో ఇళ్లలోంచి వచ్చిన చిన్నవి. బావగారి కళ్లు నడుమెత్తు ఉన్న ఒక జత మీద పడ్డాయి. బాస్ పలికే పదంగుళాల ఊఫర్లు, టేకు రంగు.

"కమ్రా ఎంత సార్?" అన్నాడు ఉస్తాద్. చెప్పాం. "పది బై పదిల ఇవి పెట్టకండి. గుమ్ గుమ్ అంటది, పాట వినరాదు."

ఆయన అనుభవంతో చెప్పినదానికి లెక్క కూడా ఉంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. పది అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ అలలో సగం సరిగ్గా ఇముడుతుంది. ఆ స్థాయినీ, దాని రెట్టింపు 112నీ గది తనంతట తాను పెంచి వినిపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు వేర్వేరుగా ఉంటే ఈ ఉబ్బు తలా ఒకచోటికి చెదిరిపోతుంది. మూడూ పదే అయిన గదిలో మూడూ ఒకే స్థాయి మీద వచ్చి కూర్చుంటాయి. స్పీకర్లకు ఇంతకంటే చెడ్డ గది కట్టడం కష్టం. ఆ మాట బావగారితో అనలేదు.

సంగీతంలో దీని దెబ్బ ముందు తగిలేది మృదంగానికి. తొప్పి అనే ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అంటించి, అరచేతి మొదలుతో నొక్కుతూ వాయిస్తే దాని నాదం కిందనుంచి పైకి జారుతుంది. ఆ జారుడే దాని అందం. పెద్ద ఊఫరు చిన్న గదిలో మోగితే ఆ జారుడులో ఒక్క మెట్టు మాత్రమే పెద్దగా వినపడి మిగతావి దాని కింద నలిగిపోతాయి. ఒకటి శ్రుతికి బిగించిన మగ గొంతు తంబురాలో మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదీ ఈ ఉబ్బు పొరుగునే. గంటసేపు ఆగకుండా మోగే తంతి కదా, వినేవాడికి తల దిమ్మెక్కుతుంది.

మరి ఏది కొనాలి? బొక్క లేని చిన్న డబ్బా. వెనక బొక్క ఉన్న డబ్బా కింది స్థాయిని ఇంకాస్త దూరం లాక్కొస్తుంది గానీ, గోడకు ఆనిస్తే మోత ఎక్కువవుతుంది. మూసిన డబ్బాలో బాస్ నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. ఆ తగ్గినదాన్ని చిన్న గది గోడలే కొంత పూరిస్తాయి. 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యానులో కూర్చుని వినడానికి చేసుకున్న ఎల్ఎస్3/5ఏ ఇలాంటిదే. ఎత్తు అడుగు, ఊఫరు ఐదంగుళాలు, పలుచని ప్లైవుడ్డు, బొక్క లేదు. మనిషి గొంతు సహజంగా వినపడటమే దాని ప్రధాన లక్ష్యం. పెద్ద మోతకు అది పనికిరాదు, పది అడుగుల గదిలో ఆ మోతతో పనీ లేదు.

ఉస్తాద్ అరలోంచి ఒక మూసిన జత దించాడు. ఊఫర్ల చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగిలితే పొడిగా రాలుతోంది. పాత ఫోమ్‌కి వేడిలో, తేమలో పట్టే గతే అది. రబ్బరు అంచు వేస్తానన్నాడు. "ఒక్కటే చెడిపోయినా రెండూ మారుస్త సార్. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే జోడీ కుదరదు." ఈ మాటతో ఆయన మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

అంతకుముందే అంచులు మార్చి ఉంచిన అలాంటి మరో జతకు ఫోను తగిలించి పాత ఆకాశవాణి రికార్డింగు పెట్టాం. అది మోనో, అంటే రెండు డబ్బాల్లోనూ ఒకే ధ్వని. జత సరిగ్గా ఉంటే గాయకుడు రెండింటికీ నట్టనడుమ కూర్చుని పాడుతున్నట్టుండాలి. స్వరం పైకి వెళ్లినప్పుడు గొంతు ఎడమకో కుడికో జరిగిందంటే, రెండు డబ్బాలూ ఒకలా పలకడం లేదన్నమాట. ఖరీదైన మీటర్లు లేకుండా ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. గొంతు నడుమనే నిలిచింది. తర్వాత ద్వారం వారి పాత గ్రామఫోను రికార్డు. అలాంటి రికార్డుల్లో పై స్థాయి నాదం ఎలాగూ తక్కువ, దాన్ని పలికే ట్వీటరు పదునుగా ఉంటే గరగర తప్ప అదనంగా వచ్చేదేమీ లేదు. ఈ జతలో గరగర వెనక్కి తగ్గి కమాను ముందుకొచ్చింది.

"ఇవే ఇవ్వు భాయ్" అన్నారు బావగారు. బేరం కాసేపు నడిచింది. డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఉస్తాద్ చెప్పాడు: మూలల్లో పెట్టొద్దు, గోడకు జానెడన్నా జరపండి, ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి, రెండింటి మధ్య ఎంత దూరమో మీ కుర్చీ కూడా అంతే దూరంలో వేసుకోండి.

"మూలలో బీరువా ఉందోయ్. దాని మీద పెడదామనుకున్నా" అన్నారు బావగారు నాతో, కారెక్కుతూ.

"బీరువా అక్కడే ఉంచండి, బట్టలు నిండా ఉంటే ఇంకా మంచిది. స్టూళ్లు రెండు కొనండి" అన్నాను.