వాయుహత నింబం, సింహవాహనం

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. మిరప, పత్తి చేలు నీట మునిగాయి. ఆ గాలికే అద్దంకి ప్రాంతంలోని ఒక నృసింహాలయ ప్రాకారం వెలుపల ఉన్న వృద్ధ నింబవృక్షం సమూలంగా కూలింది. అదే ఆలయంలో స్వామివారి సింహవాహనానికి ముందుకాళ్లు చెదలుపట్టి గుల్లబారి ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చూసిన గ్రామస్థులకు ఇది దైవసంకల్పమే అనిపించింది. తరతరాలుగా నీడనిచ్చిన వేప స్వామిని మోసే సింహమైతే అంతకు మించిన సద్గతి ఏమున్నది?

పిలిపించిన శిల్పి ఉలి, కొడతి, బాడిసలతో పాటు చెట్లు కోసే మిషనును కూడా తెచ్చాడు. పూర్వం మొద్దును బాడిసతో చెక్కి స్థూలరూపం తేవడానికే రోజులు పట్టేవి. ఈ గొలుసు రంపం ఆ పనిని ఒక్క పూటలో ముగిస్తుంది. అయితే రంపం కొన తగిలితే యంత్రం చేతిమీదికి ఎగిరి వస్తుంది. దాని అదురుకు నారలు చీలుతాయి. అందుచేత అతడు గీతకు రెండు వేళ్ల మందం విడిచి కోస్తాడు. ఆ మిగులు భాగం ఉలికే చెందుతుంది. కన్ను, జూలు, కోర మొదలైనవి యంత్రానికి అప్పగించేవి కావు.

యంత్రాన్ని చూసి కొందరు పెద్దలు అపచారమన్నారు. ఊరి వృద్ధ పండితుడైన శాస్త్రులుగారికి మాత్రం ఆ శంక కలుగలేదు. వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలోని వనసంప్రవేశాధ్యాయంలో తేనె, నెయ్యి పూసిన గొడ్డలితో ఈశాన్యదిశనుండి ఛేదనం ఆరంభించమన్నాడు. గొడ్డలీ ఇనుమే, రంపమూ ఇనుమే. తేనె గొలుసును పట్టేస్తుందని శిల్పి చెప్పగా, రంపపు పలకకు ఒక్క చుక్క అద్ది తుడిస్తే చాలునన్నారు. శిల్పి గొలుసుకు మిషను నూనెకు బదులుగా ఆముదమే పోస్తాడు. నల్లనూనె కొయ్యలోకి ఇంకితే రంగు నిలవదు. ఆముదమైతే పని ముగియగానే తుడవాలి, లేకుంటే బంకలా గట్టిపడుతుంది.

శాస్త్రులుగారి ఆక్షేపణ చెట్టును గురించినది. పిడుగుపాటుకు, గాలికి దెబ్బతిన్న వృక్షాలు, తమంత తాము పడినవి ప్రతిమకు వర్జ్యాలని ఆ అధ్యాయమే చెబుతున్నది. “వాహనం ప్రతిమ కాదు కదండీ” అన్నాడు ధర్మకర్త. “ప్రతిమ కాకుంటే ఆసనమవుతుంది. శయ్యాసన లక్షణాధ్యాయంలోనూ ఇదే నిషేధం ఉన్నది” అని ఆయన సమాధానం.

పూరీలో జగన్నాథస్వామి వేపదారువే కదా అని మరొకరు అడిగారు. నిజమే. 2015లో జరిగిన నవకళేబరంలోనూ వేపనే వెదకి స్వర్ణ, రజత, లోహ పరశువులతో క్రమంగా తాకించి ఛేదించారు. చిత్రమేమంటే, వరాహమిహిరుడు వద్దన్న పుట్ట, శ్మశాన సామీప్యం అక్కడ శుభలక్షణాలు. సంప్రదాయభేదాన్ని శాస్త్రులుగారు కాదనలేదు. కాని అక్కడ కూడా నిలిచి ఉన్న వృక్షాన్నే వరిస్తారన్నారు.

ధర్మకర్త ఊరుకోలేదు. “పడిపోయిన చెట్టును కాదని బతికున్న చెట్టును కొట్టడమా శాస్త్రులుగారూ? హింస ఎందులో ఉన్నది?” శాస్త్రులుగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్న చిన్నది కాదు. చివరకు, “ఆచారీ, నీవు చూసి చెప్పు” అన్నారు.

శిల్పి మొద్దును మధ్యకు కోశాడు. పైకి ఎంతో దృఢంగా కనిపించిన మానులో నడుమనుండి అడ్డంగా సన్నని నెర్రెలు పాకి ఉన్నాయి. గాలికి వంగి విరిగే క్షణంలో నారలు లోపల నలిగిపోతాయి, బయటికి తెలియదు. “పదహారుమంది భుజాలమీద స్వామితో ఊరేగేటప్పుడు ఇది పగిలితే?” అన్నాడతడు. ధర్మకర్త ఆ నెర్రెమీద వేలుపెట్టి చూసి మారుమాటాడలేదు.

నేలమీద కూర్చునే బొమ్మకు ఆ దోషం లేదు. శిల్పి ఆ మానును రెండు రోజులు రంపంతోను, పదిహేను రోజులు ఉలితోను మలచి, మూపురమెత్తి పడుకున్న ఒంగోలు గిత్తను చేశాడు. దానికి ప్రతిష్ఠ లేదు. మిరపకల్లాలనుండి వచ్చే కూలీలు దాని వీపుకు ఆనుకుని సేదతీరుతున్నారు.

సింహానికి ఒక రైతు తన గట్టుమీది టేకును ఇచ్చాడు. ముందునాటి రాత్రి బలి సమర్పించి, దానిలో నివసించే భూతాలను క్షమించి వేరుచోటికి వెళ్లమని ప్రార్థించారు. తెల్లవారగానే చెట్టుకు నీళ్లు చల్లుతూ శిల్పి పైకి చూశాడు. ఆకులు రాలిన కొమ్మల నడుమ కాకిగూడు, అందులో పిల్లలు. పక్షులు గూడుకట్టిన చెట్టూ ఆసనానికి వర్జ్యమే. పైగా రాత్రి వెళ్లమని వేడుకున్నవారిలో రెక్కలు రానివారూ ఉన్నారు.

ఆ యేటి వైశాఖ ఉత్సవంలో స్వామి పాతసింహంమీదనే, ఇనుపపట్టీలు వేసిన ముందుకాళ్లతోనే, ఊరేగారు. శిల్పి వారానికొకసారి వచ్చి గట్టుమీద నిలబడి పైకి చూసి వెళ్లేవాడు. మిషను మాత్రం గోనెసంచిలో చుట్టి రైతు కొట్టంలోనే ఉన్నది.