పన్ను ఎలాగూ తప్పదు, ఏ ఏడాది కట్టాలి?

న్యూజెర్సీలో తెలుగువాళ్ల ట్యాక్స్ రిటర్నులు చేస్తూనే నా జుట్టు నెరిసింది. ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు మొదటిరోజే ఒకమాట చెబుతాను. ఏప్రిల్‌లో మనం రాసేది జరిగిపోయినదాని చిట్టా, అసలు పని డిసెంబర్‌లో ఉంటుంది. రోత్ కన్వర్షన్ సంగతైతే మరీను. ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో కొత్తగా డబ్బు వేయడానికి ఏప్రిల్ 15 దాకా గడువుంది కదా అని చాలామంది దీనికీ అదే గడువనుకుంటారు. కాదు. డిసెంబర్ 31 దాటితే ఆ ఏడాదికి కన్వర్షన్ లేదు.

401కెలోనో ట్రెడిషనల్ ఐఆర్ఏలోనో పన్ను కట్టకుండా దాచిన సొమ్మును రోత్ ఖాతాలోకి మారిస్తే, మార్చినదంతా ఆ ఏడాది ఆదాయంలో జీతంతో పాటే కలుస్తుంది. దాని మీద ఇప్పుడే పన్ను కట్టేస్తారు. ఆ తర్వాత పెరిగిందంతా, నియమాలు పాటిస్తే, రిటైరయ్యాక పన్ను లేకుండా చేతికొస్తుంది. 1997 చట్టంతో వచ్చిన ఈ ఖాతాకు డెలవేర్ సెనేటర్ విలియం రోత్ పేరు పెట్టారు. 2010కి ముందు ఏడాది ఆదాయం లక్ష డాలర్లు దాటినవాళ్లకు కన్వర్షన్ కుదిరేది కాదు. ఆ పరిమితి ఎత్తేశాకే మన ఐటీ జంటలు దీనికోసం మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

"కన్వర్ట్ చేసుకుంటే మంచిదేనా అండీ?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. ఆదాయం చూడకుండా దీనికి జవాబు చెప్పకూడదని నేర్పింది మా గురువుగారు. బాపట్ల నుంచి వచ్చి, ఎడిసన్‌లో చిన్న గదిలో ప్రాక్టీసు పెట్టిన మనిషి. కంప్యూటర్ తెరవకముందే పసుపురంగు కాగితాల మీద పన్ను బ్రాకెట్లు గీయించేవారు. "ఇవి కోనేటి మెట్లురా. నీళ్లు కిందిమెట్టు మునిగాకే పైమెట్టును తాకుతాయి. ఆ మెట్టు మీద ఇంకా ఎంత జాగా ఉందో కొలువు, అంతే పొయ్యి" అనేవారు. ఇప్పటికీ నేను చేసేది అదే.

నా చేతిమీదుగా మొదట ఫలించిన కేసు ఉద్యోగం పోయిన ఒక ఇంజనీరుది. ఇద్దరి జీతాలతో 24 శాతం బ్రాకెట్‌లో ఉండే ఇల్లు, ఒక్కసారిగా భార్య జీతం మీదికి వచ్చింది. ఇల్లంతా దిగులుగా ఉంది. ఆ దిగుల్లోనే ఒక అవకాశం ఉందని వాళ్లకు చూపించాను. 2025 అంకెల్లో చెబితే మీకు సులువు. భార్య జీతం, ఆయన నిరుద్యోగ భృతి, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపి 85,000 డాలర్లు అనుకోండి. జంటకు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 తీసేస్తే మిగిలేది 53,500. 12 శాతం మెట్టు 96,950 దగ్గర ముగుస్తుంది. అంటే 43,450 డాలర్లకు జాగా ఉంది. పాత కంపెనీ 401కె నుంచి అంతే మారిస్తే ఫెడరల్ పన్ను 5,214 డాలర్లు. ఉద్యోగమున్న ఏడాది 24 శాతం మీద అదే పనికి 10,428 అయ్యేది. స్టేట్ పన్ను వేరే. భార్య కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి నేను ధైర్యంగా ముందుకెళ్లాను. మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో ఇన్సూరెన్స్ తీసుకున్న ఇంట్లో ఆదాయం ఇలా పెంచితే, ఆ సబ్సిడీ వెనక్కి కట్టాల్సి రావచ్చు. ముందు అది అడిగి, తర్వాతే కాగితం తీయండి.

పన్ను ఎక్కణ్ణుంచి కడతారన్నది రెండో ప్రశ్న. ఇక్కడే బాగా చదువుకున్నవాళ్లు కూడా జారిపడతారు. నలభై అయిదేళ్లాయన ఒకరు ఆన్‌లైన్‌లో 50,000 మారుస్తూ, పన్ను కోసం 20 శాతం పట్టుకోమని టిక్కు పెట్టారు. రోత్‌లోకి 40,000 వెళ్లింది. ఐఆర్ఎస్‌కు వెళ్లిన 10,000 కన్వర్షన్ కింద లెక్కకు రాదు, ఆయన వాడుకున్నట్టే. 59½ ఏళ్లు నిండలేదు గనుక దానిమీద 10 శాతం, అంటే వెయ్యి డాలర్ల పెనాల్టీ. అదృష్టం కొద్దీ అప్పటికి నెల కూడా కాలేదు. సేవింగ్స్‌లోంచి 10,000 తీసి అరవై రోజుల లోపు రోత్‌లో వేయించాను. పెనాల్టీ పోయింది. పన్ను సొమ్ము ఎప్పుడూ బయటి ఖాతాలోంచే రావాలి. అది లేనివాళ్లు కన్వర్షన్ జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక ప్రోరేటా, అంటే దామాషా లెక్క. ఎక్కువ ఆదాయమున్నవాళ్లు నేరుగా రోత్‌లో డబ్బు వేయలేరు. అందుకని పన్ను కట్టిన సొమ్ము, 7,000 అనుకోండి, ట్రెడిషనల్ ఐఆర్ఏలో వేసి, దాన్ని రోత్‌కు మారుస్తారు. దీన్నే బ్యాక్‌డోర్ అంటాం. అయితే పాత కంపెనీ నుంచి తెచ్చిన 93,000 రోలోవర్ ఐఆర్ఏ పక్కనే ఉంటే? "నేను మార్చింది ఆ ఏడువేలే కదండీ" అంటే చట్టం ఒప్పుకోదు. ఆ మనిషి ఐఆర్ఏలన్నీ కలిపి లక్షగా చూస్తుంది. అందులో పన్ను కట్టింది 7 శాతమే కాబట్టి, మార్చిన 7,000లో పన్ను లేనిది 490, మిగతా 6,510 ఆదాయమే. ఒకావిడ మార్చిలో ఇలా మార్చి, నవంబర్‌లో వేరే పని మీద మా ఆఫీసుకు వచ్చారు. లెక్కకు వచ్చేది డిసెంబర్ 31నాటి నిల్వ. ఆవిడ కంపెనీ ప్లాన్ బయటి డబ్బు తీసుకుంటుందా అని అదేరోజు ఫోన్ చేయించాను. తీసుకుంటుందన్నారు. క్రిస్మస్ లోపు 93,000 కంపెనీ 401కెలోకి పంపించాం. 401కె ఈ లెక్కలోకి రాదు. మరుసటి ఏప్రిల్‌లో వచ్చుంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. భార్యాభర్తల ఐఆర్ఏలు మాత్రం విడివిడిగానే చూడాలి, కలపకూడదు.

మా గురువుగారు ఎక్కువగా పోరుపెట్టింది 8606 ఫారం గురించి. పన్ను కట్టిన సొమ్ము ఎంత వేశారో ఐఆర్ఎస్‌కు చెప్పేది అదొక్కటే. కస్టోడియన్ పంపే 1099-ఆర్‌లో మొత్తమంతా పన్ను పడేదిగానే చూపించి, పక్క గడిలో "పన్ను పడే మొత్తం నిర్ణయించలేదు" అని టిక్కు పెట్టి వదిలేస్తారు. ఆ టిక్కు చూడకుండా సాఫ్ట్‌వేర్‌లో కొట్టేస్తే, ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను. ఇలా కట్టినవాళ్ల పాత రిటర్నులు ఎన్నో తిరగేసి, మూడేళ్ల గడువులో ఉన్నవాటికి 1040-ఎక్స్ వేసి రిఫండ్ తెప్పించాను. రాత్రిళ్లు కూర్చుని చేయాల్సిన ఓపిక పని ఇది. ఆ చెక్కు అందిన ఇంటి నుంచి వచ్చే ఫోను నాకు ఇష్టం.

వయసును బట్టి మరికొన్ని చూడాలి. 63 ఏళ్ల మనిషి పెద్ద మొత్తం మారిస్తే, 65లో మెడికేర్ ప్రీమియం పెరగవచ్చు, ఎందుకంటే వాళ్లు రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తారు. ఫ్రిస్కోకో ఆస్టిన్‌కో మకాం మారుస్తున్నవాళ్లను కన్వర్షన్ అక్కడికి వెళ్లాకే చేసుకోమంటాను. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. అమెరికా పౌరసత్వంతో హైదరాబాద్ తిరిగి వెళ్లేవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు విలువైనవి. ఇక్కడి జీతం ఆగిపోతుంది. అక్కడ ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) హోదా ఉన్నన్నాళ్లూ ఇక్కడి ఇలాంటి ఆదాయం మీద ఇండియా పన్ను పడదు. ఆ ఏళ్లను అక్కడి సీఏతో కలిసి కూర్చుని లెక్కేయాలి.

2017 వరకూ చేసిన కన్వర్షన్ నచ్చకపోతే వెనక్కి తిప్పుకునే వీలుండేది. 2018 నుంచి అది లేదు. అందుకే డిసెంబర్ రెండోవారం దాకా ఆగి, చివరి పే స్టబ్, బోనస్, షేర్లు అమ్మిన లాభం అన్నీ చేతికొచ్చాకే అంకె ఖాయం చేస్తాను. పే స్టబ్ లేకుండా వచ్చినవాళ్లను తెచ్చుకోమని పంపేస్తాను.

మీ ఇంట్లో ఎవరైనా ఐఆర్ఏలో పన్ను కట్టిన సొమ్ము వేసి ఉంటే, పాత రిటర్నుల్లో 8606 ఉందో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే ఇప్పుడైనా వేయండి. ఉంటే, ఆ ఖాతాలో డబ్బున్నంత కాలం కాపీలు పారేయకండి.