కింది ఇంటి ఖాలా

మా చోటీకి చేపలంటే జాన్. తుని నుంచి ట్రాన్స్‌ఫరై వెళ్తున్న ఒకాయన అక్వేరియం అమ్ముతున్నాడంటే బయల్దేరాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. స్టాండు, ఫిల్టరుతో సహా సస్తాలో ఇచ్చేస్తానన్నాడు.

“నిండా పోస్తే నీళ్లెన్ని పడతాయండీ?” బేగం సవాల్.

లెక్కేశా. 250 లీటర్లు. అంటే పావు టన్ను! గాజు, రాళ్లు అదనం. మాది రెండో అంతస్తు. మా హాలు కిందే ఖాలా మంచం. పాత సిలికాన్ అతుకు ఒక్కటి వదిలిందంటే నీళ్లన్నీ ఆ ముసలామె మీదకే.

“హమ్‌సాయా హక్ గురించి జుమ్మా జుమ్మాకీ వింటారుగా!” అంది బేగం. నేను ఖామోష్.

ఆయన దగ్గరే రెండడుగుల చిన్న తొట్టి ఉంటే, రెండు చేపలతో అదే తీసుకున్నాం. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దన్నాడు. చేపల మలినాన్ని విరిచే బ్యాక్టీరియా అందులోనే ఉంటుందట. క్లోరిన్ నీళ్లు తగిలితే చచ్చిపోతుందట.

చేపల్ని బకెట్లో ఉంచి, తొట్టిని డాబా మీద నా పేరున్న పేపరు పరిచి, నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాం. ఫజర్ తర్వాత చూస్తే పేపరు పొడిగానే ఉంది. అల్‌హమ్దులిల్లాహ్!

అప్పుడెళ్లి ఖాలాని ఇజాజత్ అడిగాను.

“అడగడానికి వచ్చావు, చాలు బేటా,” అంది.