ఆసు పోసే చేయి

హైదరాబాదుకు తూర్పున, యాభై కిలోమీటర్ల లోపే ఉంది భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబాభావేకు తొలి భూదానం లభించిన ఊరు. ఇక్కడి ఇక్కత్ చీరను మెచ్చుకోని ఇల్లాలుండదు.

ఒక ఇంటి వసారాలో ఆసు కనబడింది. అర్ధచంద్రాకారంగా మేకులు, వాటికీ నడిమి మేకుకూ మధ్య ఒక తల్లి పోగు తిప్పుతున్నది. చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడాలట! పోగు లెక్క తప్పితే, తరవాత అద్దే రంగు తప్పుతుంది. నేతలో పువ్వు చెదురుతుంది.

"దీనికి కూలి ఎంతమ్మా?" అన్నాను.

"దీనికి వేరే కూలేంది సారూ! చీర కూలిలనే అంత," అన్నది.

నేర్పరి అన్న పేరు మగ్గం మీద కూర్చున్నవాడికే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. యంత్రానికి వెల ఏర్పడింది. ఆ వసారాలోని చేతికి మాత్రం కూలి లెక్కలో ఇంకా పద్దు పడలేదు.