పాత బందూఖ్‌కి స్కోప్ బిగించే ముందు

స్కోప్ కొనేటప్పుడు పదిమందిని అడుగుతాం, నాలుగు వీడియోలు చూస్తాం. దాన్ని బందూఖ్ మీద కూర్చోబెట్టే మౌంట్ దగ్గరికొచ్చేసరికి షాపులో ఏది దొరికితే అది పట్టుకొచ్చేస్తాం. టెక్సాస్‌కొచ్చి షికార్ మొదలుపెట్టిన మనవాళ్లలో ఇది చాలాసార్లు చూశాను. మొన్న మా బామ్మర్ది సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొని ఫోన్ చేసినప్పుడూ ఇదే మాట. "దుల్హేభాయ్, మూడు-తొమ్మిది పవర్ స్కోప్ తీసుకున్నా. రింగులు ఏవైనా ఫరక్ పడదు కదా?"

ఎందుకు పడదు మియా! హిసాబు చూడు. రెండు రింగుల మధ్య దూరం 10 సెంటీమీటర్లనుకో. వెనక రింగు మిల్లీమీటరులో పదో వంతు, అంటే ఒక కాగితం మందమంత పక్కకి జరిగితే చాలు, 100 గజాల దగ్గర గోలీ 9 సెంటీమీటర్లు తప్పుతుంది. 200 గజాల దగ్గర 18. దుప్పికి గుండె, ఊపిరితిత్తులు ఉండే జాగా చిన్న పళ్లెమంతే. దాని నడుమకి గురిపెట్టినా 100 గజాలకే గోలీ పళ్లెం అంచుకి పోతుంది, 200కి పూర్తిగా బయట. లెన్సు ఎంత ఖరీదుదైనా ఈ తప్పుని దిద్దలేదు.

మనకైతే ఇందులో ఇంకో ఫికర్ ఉంది. అదీ బిన్ హాతిమ్ (రజి) మిఅరాజ్ అనే షికారు కర్ర గురించి అడిగితే, పదునైన వైపు తగిలి చీలిస్తే తినమని, అడ్డంగా తగిలి దెబ్బకి చస్తే వద్దని రసూలుల్లా ﷺ చెప్పిన హదీసు మనలో చాలామందికి తెలుసు. బందూఖ్ గోలీ ఈ రెండిట్లో దేని కిందికి వస్తుంది? మన హనఫీ ఉలమాలో చాలామంది దాన్ని దెబ్బ కిందే లెక్కేస్తారు. ప్రాణం ఉండగా చేరుకుని జబహ్ చేస్తేనే హలాల్ అంటారు. బిస్మిల్లా చెప్పి కాల్చిన గోలీ చీల్చుకుని పోతుంది కాబట్టి అదే చాలు అనే ఉలమా కూడా ఉన్నారు. ఎవరి ముఫ్తీ సాబ్‌ని వాళ్లు అడగండి, ఈ మస్లా తేల్చడం నా పని కాదు. మా ఇంట్లో మాత్రం జబీహా దక్కితేనే మాంసం వంటింట్లోకి వస్తుంది. గోలీ కడుపులో తగిలి దుప్పి పొదల్లోకి పరిగెత్తి, గంట తర్వాత చచ్చి దొరికితే మాకది ముర్దార్. ఒక స్క్రూ వదులుగా ఉన్నందుకు ఒక జీవం అంత తక్లీఫ్ పడి, ఎవరి దస్తర్‌ఖాన్‌కీ రాకుండా పోతుంది. అందుకే మేం డెబ్భై ఎనభై గజాలు దాటి కాల్చం.

దుప్పి అన్నానని ఆశ్చర్యపోకండి. నల్లమలలో తిరిగే ఆ చుక్కల దుప్పులే ఇక్కడ హిల్ కంట్రీ కొండల్లో మందలు మందలుగా ఉన్నాయి. 1932లో తెచ్చి వదిలారు. దక్షిణాన కింగ్ రాంచ్ వైపు మన మనుబోతులు కూడా ఉన్నాయి. ఇక్కడి తెల్లతోక జింకకి సీజన్ ఉంది గానీ, బయటనుంచి వచ్చినవి కాబట్టి వీటికి లేదు. లైసెన్సు ఉండి, భూమి ఉన్నాయన ఇజాజత్ ఇస్తే ఏ నెలైనా సరే. మన దగ్గర 1972 చట్టంతో షికార్ బంద్ అయింది, అది మంచికే అయింది. దాదాల కాలపు షికారు కథలు ఊళ్లో కథలుగానే మిగిలాయి. వాటి మనవలు మాత్రం టెక్సాస్‌లో దుప్పి ఖీమా కొడుతున్నారు.

సరే, బామ్మర్ది రైఫిల్. రెమింగ్టన్ 700, థర్టీ-ఆట్-సిక్స్. 1962 నుంచి వస్తున్న మోడల్, విడిభాగాలకి కొదవలేదు. దాని మీద పాత యజమాని బిగించిన ఎత్తైన మౌంట్లున్నాయి. పైనుంచి స్కోప్, కిందున్న కంతలోంచి ఇనుప గురి, రెండూ కనపడే రకం. వాడికవి తెగ నచ్చాయి, "ఒక దాంట్లో రెండు" అని. నాకు మాత్రం సుతరామూ ఇష్టం లేదు. స్కోప్ అంత ఎత్తున కూర్చుంటే చెంప కర్రకి ఆనదు, గడ్డం గాల్లో తేలుతుంది. తల ప్రతిసారీ ఒకే చోట నిలవకపోతే నిషానా ఎలా కుదురుతుంది? దగ్గర దూరానికి ఇనుప గురి కావాలంటే స్కోప్‌ని మూడు పవర్‌కి తిప్పుకుంటే సరిపోతుంది.

పాత బందూఖ్‌తో మొదటి పని కొనడం కాదు, విప్పడం. లోపల గోలీ లేదని రెండుసార్లు చూసి, బోల్ట్ బయటికి లాగి పక్కన పెట్టాలి. తర్వాత స్క్రూలు. తుప్పు పట్టి ఉంటే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. బేసులు ఊడొచ్చాక రిసీవర్ మీద నాలుగు కంతలు కనపడతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 6-48 మర. ఎవరో మేస్త్రీ దాన్ని పెద్దది చేసి 8-40 చేసి ఉండొచ్చు. అప్పుడు డబ్బాలో వచ్చే స్క్రూలు పనికిరావు. కంతలు వరసలో ఉన్నాయా, ఒకటి పక్కకి పోయిందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. బామ్మర్ది దాంట్లో కంతలు బాగానే ఉన్నాయి, అల్‌హమ్దులిల్లా. స్క్రూలే నాలుగూ నాలుగు పొడవులు! ముందు వైపు స్క్రూ పొడవెక్కువైతే కింద బోల్ట్‌కి తగిలి అది మూయడానికి మొరాయిస్తుంది, లేదా బ్యారెల్ మరకి ఆని, బిగిసినట్టే ఉంటుంది గానీ బేస్‌ని పట్టుకోదు. షాపులో వాడికి "బోల్ట్ కొంచెం టైట్, వాడగా వాడగా పోతుంది" అని చెప్పి అమ్మారట. స్క్రూ తీసేయగానే పోయింది.

ఇక ఏ మౌంట్? బందూఖ్ పేరొక్కటే చెబితే చాలదు. ఈ 700లో రిసీవర్ వెనక భాగం ముందుకన్నా కిందికి ఉంటుంది, అందుకని ముందు బేస్, వెనక బేస్ ఎత్తులు వేరు. అటుదిటు పెడితే స్కోప్ ట్యూబు వంగుతుంది. పొడవాటి ఒకే పట్టీ బేస్ తీసుకుంటే లాంగ్ యాక్షనా షార్టా చూడాలి. థర్టీ-ఆట్-సిక్స్ లాంగ్, త్రీ-నాట్-ఎయిట్ షార్ట్. శావేజ్ 110లో పాతవాటికి వెనక భాగం చదును, కొత్తవాటికి గుండ్రం. రూగర్ 77కైతే రిసీవర్‌లోనే గాట్లు ఉంటాయి, దాని రింగులు దానివే. పాత వించెస్టర్ 94 ఖాళీ తూటాని పైకి విసురుతుంది, దాని నెత్తిన స్కోప్ పెట్టాలన్న ఖయాల్ మానుకోవడమే మంచిది.

వీవర్, పికాటిన్నీ అనే రెండు పేర్లు అందర్నీ పరేషాన్ చేస్తాయి. రెండూ చూడ్డానికి ఒకటే. వీవర్ గాడి వెడల్పు 0.180 అంగుళం, పికాటిన్నీది 0.206. కాబట్టి వీవర్ రింగు పికాటిన్నీ మీద మామూలుగా కూర్చుంటుంది, పికాటిన్నీ రింగు వీవర్ మీద చాలాసార్లు కూర్చోదు. ట్యూబు కూడా కొలవాలి, ఒక అంగుళమా, 30 మిల్లీమీటర్లా అని. అంగుళమంటే 25.4. పెద్ద రింగులో చిన్న ట్యూబు పెట్టి టేపు చుట్టినవాళ్లని కూడా చూశాను, అల్లా మాఫ్ చేయాలి.

మేం బేస్, రింగ్ ఒకే ముక్కగా వచ్చే టాలీ రకం తీసుకున్నాం. నా దలీల్ ఒకటే: అతుకులు ఎన్ని తగ్గితే వదులయ్యే చోట్లు అన్ని తగ్గుతాయి. ముందు గాజు 40 మిల్లీమీటర్లదే కాబట్టి ఎత్తు తక్కువ రకం సరిపోయింది. గాజు గిన్నెకీ బ్యారెల్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు, బోల్ట్ పిడి పైకెత్తినప్పుడు కంటి వైపు భాగానికి తగలకపోవడం, ఈ రెండూ కుదిరితే ఎంత కిందికుంటే అంత మేలు. 20 మినిట్ల వాలు ఉన్న పట్టీ బేసులు కూడా అమ్ముతారు, అవి చాలా దూరం కాల్చేవాళ్లకి. ఎనభై గజాల షికారీకి అది ఫజూల్ ఖర్చు.

బిగించడం తొందర పని కాదు. కంతల్లో నూనె పూర్తిగా తుడిచి, బేస్ స్క్రూలకి నీలం లాక్‌టైట్ ఒక చుక్క. బేస్‌కి దాదాపు 20 ఇంచ్-పౌండ్లు, రింగు మూతలకి 15 నుంచి 18. కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే అదే ఖరారు. చేతి అందాజ్ వద్దు, టార్క్ రెంచ్ ఉన్నవాడి దగ్గర అడిగి తెచ్చుకోండి. రింగులు గట్టిగా బిగించకముందే పవర్ తొమ్మిదికి తిప్పి, కళ్లు మూసుకుని బందూఖ్ భుజానికి ఆనించి, కళ్లు తెరిచి చూడాలి. బొమ్మ నిండుగా కనపడేదాకా స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపాలి. కంటికి తొమ్మిది సెంటీమీటర్లన్నా దూరం ఉండాలి. ఈ తూటా వెనక్కి తన్నే తన్నుకి కనుబొమ్మ తెగినవాళ్లు తక్కువమంది కాదు.

రేంజ్‌లో మొదట బోల్ట్ తీసి గొట్టంలోంచి టార్గెట్ చూసి, స్కోప్ గీతలు దానికి కలిపాం. 25 గజాల దగ్గర కాగితం మీద పడ్డాక 100కి వెళ్లాం. ఒక్కో క్లిక్ 100 గజాలకి పావు అంగుళం. పద్దెనిమిది క్లిక్కులు పైకి, ఆరు ఎడమకి, అంతే. మౌంట్ వంకరగా ఉంటే స్కోప్ తిరిగే హద్దంతా అక్కడే ఖర్చయిపోయేది. చివరి మూడు గోలీలు అంగుళంన్నర లోపల పడ్డాయి. స్క్రూ తలలకీ మౌంట్‌కీ కలిపి తెల్ల నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను, చెల్లెలి డబ్బాలోంచి దొంగిలించి తెచ్చాడు. గీత విరిగి కనపడితే స్క్రూ కదిలినట్టు. ఇరవై గోలీలయ్యాక ఒకసారి, షికారుకి బయల్దేరే ముందు రోజు ఒకసారి ఆ గీత చూసుకోమని చెప్పాను.