కుజుడి మీది నల్లమచ్చ

కుజగ్రహాన్ని టెలిస్కోపులో మొదటిసారి చూసినవాళ్ళు సాధారణంగా "ఇంతేనా?" అంటారు. మా మనవరాలు కూడా అదే అన్నది.

2020 అక్టోబరు 6న కుజుడు భూమికి 6 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అంతకన్న దగ్గరికి 2035లో గాని రాడు. అందుచేత ఆ నెల చివరి వారంలో, వానలు తెరిపి ఇచ్చిన రాత్రులలో, ఆరంగుళాల అద్దం గల మా టెలిస్కోపును పెరట్లో నిలబెట్టాం. రాత్రి 10 గంటలకు కుజుడు దాదాపు నడినెత్తిన ఉండేవాడు.

180 రెట్లు పెద్దది చేసి చూసినా కుజబింబం చిన్న నారింజరంగు గోళీలాగే ఉంటుంది. పైగా నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతుంది. ఆ వణుకు కుజుడిది కాదు, మన గాలిది. ఓపికగా చూస్తూ ఉంటే ఎప్పుడో ఒక్క క్షణం గాలి నిలకడగా ఉంటుంది. ఏం చూసినా ఆ క్షణంలో చూడవలసిందే. అలా అరగంట కూర్చోగా మాకొక నల్లమచ్చ కనిపించింది.

కాని కన్ను మహా మాయలమారి! 1877లో ఇటలీ దేశపు స్కియాపరెల్లి కుజుడి మీద సన్నని గీతలు చూశాడు. అవి కుజవాసులు తవ్విన కాలవలని తరవాత అమెరికాలో లోవెల్ వాదించాడు. 1965లో మారినర్-4 దగ్గరికి పోయి ఫోటోలు తీస్తే, కాలవలూ లేవు, ఏమీ లేవు. వాళ్ళు అబద్ధమాడలేదు. కన్ను విడివిడి మచ్చలను కలిపి గీతలుగా చూపింది, అంతే.

మరి మా మచ్చ మాటేమిటి? ఒకరిది ఒకరు చూడకుండా చెరొక కాగితం మీద బొమ్మ గీశాం.

"ఏదీ, నీది చూపించు తాతయ్యా!" అంటూ మనవరాలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. రెండింటిలోనూ మచ్చ పైన వెడల్పుగా, కింద మొనదేలి, మన భారతదేశపు పటంలాగా ఉన్నది! (టెలిస్కోపు తలకిందులు చేసి చూపుతుంది లెండి.)

అంతటితో వదలలేదు. కుజుడు తన చుట్టూ తాను తిరగటానికి 24 గంటల 37 నిమిషాలు పడుతుంది. మచ్చ కుజుడిదే అయితే, మర్నాడు బింబం మధ్యకు రావటానికి సుమారు 40 నిమిషాలు ఆలస్యం కావాలి. మర్నాడు మనవరాలు గడియారం పట్టుకుని కూర్చున్నది. 10 గంటలకు మచ్చ కాస్త పక్కగా ఉన్నది. 10-40కి మధ్యకు వచ్చింది!

దాని పేరు సిర్టిస్ మేజర్. 1659లో హాలండు దేశపు హైగెన్స్ ఈ మచ్చనే చూసి బొమ్మ గీశాడు. కుజుడి దినం ఇంచుమించు మన దినమంతేనని దానివల్లనే తెలుసుకున్నాడు. పూర్వం దాన్ని సముద్రమనుకున్నారు. నిజానికి అది నల్లని అగ్నిపర్వతశిల. అక్కడి గాలులు దాని మీది ఎర్రదుమ్మును ఊడుస్తూ, మళ్ళీ తెచ్చిపోస్తూ ఉంటాయి. అందుకే దాని అంచులు ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా మారుతున్నాయి. మా బొమ్మల కింద తేదీ, వేళ రాసి దాచిపెట్టాం.